మా నాయన పట్టిన శ్రావణం

పోయిన ఆదివారం మా మనవరాలు రేష్మా పెనుకొండ నుంచి హిందూపురం వచ్చింది. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ పెట్టాక మా వైపు పిల్లలకు బెంగుళూరు బస్సులెక్కే పని కొంత తప్పింది. ఇది అక్కడే ఆఫీసులో పని చేస్తూ, పెనుకొండలో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకుని ఉంటోంది. వస్తున్నానని ముందు రోజే ఫోన్ చేసింది కాబట్టి పొద్దున్నే మా కొడుకును అంగడికి తరిమి తొడ మాంసం తెప్పించాను. ధనియాలు, గసాలు, ఎండుకొబ్బరి వేయించి, మిక్సీ వద్దని రోట్లోనే నూరాను. డెబ్బై దాటిన దాన్ని, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అయినా మనవరాలంటే ఎక్కడి ఓపికో వస్తుంది. సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, గరిటెడు పులుసు పోయబోతే అది కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దవ్వా, నేను మానేసినా" అంది. జ్వరమేమో అనుకున్నాను. కాదట. మూడు నెలలైందట. ఆదివారాలు రాకపోవడానికి కూడా అదే కారణమట, నేను ఏమంటానో అని.

మావాడు పగలబడి నవ్వాడు. "సియ్యల అంగడి కాదరప్ప మునిమనవరాలు సియ్యలు మానేసిందంట! పెనుకొండలో వింటే నవ్వి పోతారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నవ్వేవాళ్ళకి మీ తాత సంగతి తెలియదులే. ఆయన కూడా మానేసినాడు ఒకసారి, అంగట్లో రోజూ యాటను కోస్తానే మానేసినాడు" అన్నాను. తండ్రీ కూతురూ ఇద్దరూ నోరు తెరిచి నా వైపు చూశారు. అప్పుడు తట్టింది నాకు, ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని. ఎందుకు చెప్పలేదంటే, దానికి కారణమైన తప్పు నాది. పదకొండేళ్ళ వయసులో చేసిన తప్పుకు ఇంకా సిగ్గుపడుతున్నానంటే నాకే నవ్వొస్తుంది. కానీ ఆ సిగ్గును కాపాడుకుంటూ మా నాయన గొప్పను కూడా ఇన్నేళ్ళు మూట కట్టి మూల పెట్టేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ మూట విప్పడానికే.

మాది పెనుకొండ. ఇంట్లో మాట్లాడేది తెలుగే, నమాజుకు అరబ్బీ, పెళ్ళిపత్రికకు ఉర్దూ. నాన్నను నాయన అనే పిలిచేవాళ్ళం. ఇంటి ముందు భాగం మటన్ అంగడి, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా. ఆ గోనెపట్టా మా నాయనకు సరిహద్దు. అవతల ఎంత నెత్తురు పనైనా, ఇవతలికి రావాలంటే బావి దగ్గర రెండు బిందెలు గుమ్మరించుకుని, పంచె మార్చుకుని రావలసిందే. తెల్లారకముందే ముల్లాగారు వచ్చి యాటను హలాల్ చేసి వెళ్ళేవారు. సూర్యుడు గుట్ట దాటేసరికి చింతమొద్దు మీద కత్తి చప్పుడు మొదలయ్యేది. మధ్యాహ్నం అంగడి కట్టేశాక ఆ మొద్దును కల్లుప్పు వేసి రుద్ది, నీళ్ళు కొట్టి, ఎండలో నిలబెట్టేవాడు. పొట్లాలు కట్టే పచ్చి మోదుగాకుల వాసన, తడిసిన గోనె వాసన, ఉప్పు వాసన, మా అమ్మ వెలిగించే ఊదుకడ్డీ వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలకు అది తెలిసేది, నాకు తెలిసేది కాదు.

ఊళ్ళో ఎవరు ఎప్పుడు నీసు ముట్టరో మా నాయనకు తెలిసినంత గుడి పూజారికి కూడా తెలిసేది కాదు. పూజారి దగ్గరికి వచ్చేవాళ్ళు దేవుడికి మొక్కు చెప్పి వెళ్ళిపోతారు. ఆ మొక్కు తప్పడానికి వచ్చేది మా అంగడికే కదా! శనివారం ఇళ్ళు వేరు, సోమవారం ఇళ్ళు వేరు. కదిరి నరసింహస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇళ్ళలో శనివారం గుడ్డు పెంకు కూడా లోపలికి రాదు. కార్తీకం పట్టేవాళ్ళు, శ్రావణం పట్టేవాళ్ళు, ఏకాదశికి ఒక్కపొద్దు ఉండేవాళ్ళు. పీర్ల పండగ పది రోజులు ఫకీరు దారం కట్టుకుని నీసు మానేసే రైతులు ఎంతమందో. మా మతం కాని వాళ్ళు మా పీర్ల కోసం మానేస్తుంటే మా వాళ్ళే కొందరు సిగ్గుపడి మానేసేవాళ్ళు. ఇక లింగం కట్టుకున్న ఇళ్ళు, శెట్ల ఇళ్ళు, జైన సేట్ల ఇళ్ళు ఎప్పుడూ ముట్టనివి. సేట్ల పండగనాడు మా నాయన ఎవరూ అడగకుండానే అంగడి మూసేవాడు. వాళ్ళంటే ఆయనకు మర్యాదే, కానీ ఆయన మనసంతా ఒక దినం మానుకునే వాళ్ళ మీదే ఉండేది. "ఎప్పుడూ తిననోళ్ళకి అది అలవాటు. తినేటోడు నాలిక కట్టుకుంటాండాడు చూడు, వాడిది కష్టం. వానికి మనం తోడుండల్ల" అనేవాడు.

తోడు అంటే మాటవరసకు కాదు. ఆడవాళ్ళు మా అంగడి గుమ్మం ఎక్కేవాళ్ళు కాదు, వీధికి అవతల నిలబడి కేకేసేవాళ్ళు. "కాదరన్నా, వచ్చే శనివారం నుంచి పదకొండు వారాలు మా ఇంట్లో నీసు లేదు. మాయప్ప వస్తే ఇయ్యొద్దు" అని ఒకామె, "మా పిల్లోనికి అమ్మవారు పోసింది, చెప్పేదాకా ఇయ్యొద్దు" అని ఇంకొకామె. మా నాయన తలూపేవాడు. ఆ తర్వాత ఆ ఇంటి మగవాడు వచ్చి ఎంత బతిమాలినా, కోప్పడినా, చుట్టాలొచ్చారని అబద్ధమాడినా తునక దొరికేది కాదు. "నీ పెండ్లామడిగితే నేనేం చెప్పల్ల?" అనేవాడు. ఇష్టం లేని ఇంటికి మాంసం పోవడం యాటకు కూడా అవమానమేనని ఆయన లెక్క. చేతికొచ్చిన బేరం వదులుకునే పిచ్చోడని కొందరు వెనకాల అనుకునేవారట. ముందర మాత్రం ఎవరూ అనలేదు.

ఆయనకు చదువు రాదు. మనుషులు గుర్తుండేవాళ్ళు, తిథులు గుర్తుండేవి కావు. అందుకని ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం కొని తెచ్చేవాడు. అంగడిలో తక్కెడ పైన మేకుకు అది వేలాడుతుండేది. మటన్ అంగడిలో పంచాంగమేమిటని కొత్తవాళ్ళు వింతగా చూసేవాళ్ళు. నేను మూడో తరగతికి వచ్చినప్పటి నుంచి దాన్ని చదివే పని నాది. సాయంత్రం పూట మా నాయన శుభ్రంగా స్నానం చేసి, చెంబెడు టీ ముందు పెట్టుకుని కూర్చుని, "రేపేమమ్మా?" అని అడిగేవాడు. నేను దశమో ఏకాదశో చెప్పేదాన్ని. అంగడికి వచ్చినవాళ్ళందరితో "మా పాప పంచాంగం చూస్తాది" అని చెప్పుకునేవాడు. నాకు గాల్లో తేలినట్టుండేది. నేను తెలుగు టీచరునై హిందూపురం బడుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పానంటే దానికి పునాది పడింది ఆ తక్కెడ కిందే.

ఎర్రమంచిలో నారాయణప్ప అని ఒక రైతు ఉండేవాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ బస్సులు తిరుగుతున్న చోట అప్పుడు శెనక్కాయ చేలు, కందిసాళ్ళు. నారాయణప్పకు ఆదివారం వస్తే సియ్యలు లేకుండా ముద్ద దిగదు, మా నాయన దగ్గర తప్ప ఇంకెక్కడా కొనడు. ఆయన భార్య లక్ష్మమ్మ. ఒక్కగానొక్క కూతురు పద్మను ధర్మవరంలో ఇచ్చారు. పద్మకు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. మూడోసారి నిలిచినప్పుడు ప్రయాణం చేయకూడదని, మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పింది. పుట్టింటికి రాలేని కూతురి దగ్గరికి తల్లే వెళ్ళింది. ధర్మవరం రైలెక్కే ముందు లక్ష్మమ్మ మా వీధిలో ఆగి, ఎప్పటిలా అవతలి నుంచి కేకేయకుండా అంగడి మెట్టు దాకా వచ్చింది. ఆమె అంత దగ్గరికి రావడం నేను అదే మొదటిసారి చూశాను.

"కాదరన్నా, ఈసారి బిడ్డ నిలబడితే చాలని కదిరి సామికి మొక్కినా. శ్రావణం వచ్చినప్పటి నుంచి శ్రావణం పోయేదాకా మా పొయ్యి మీద నీసు ఎక్కగూడదు. నేను ఇంట్లో ఉండను. ఆయప్ప నాలిక సంగతి నీకు తెలుసు."

"నువ్వు పోక్కా, బిడ్డను చూసుకో. ఈడ నేను ఉండా కదా" అన్నాడు మా నాయన.

ఆ ఏడు అధికమాసం వచ్చింది. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: మూడేళ్ళకు ఒకసారి, కాస్త అటూ ఇటూగా, ఏదో ఒక నెల రెండుసార్లు వస్తుంది. ముందు వచ్చేది అధికం, తర్వాత వచ్చేది నిజం. వ్రతాలూ మొక్కులూ చెల్లేది నిజ మాసంలోనే. లక్ష్మమ్మ మాత్రం సందేహమెందుకని రెండు శ్రావణాలూ కలిపి మొక్కుకుంది. రెండున్నాయన్న సంగతి ఎరగని నారాయణప్ప పాపం అధిక శ్రావణం ముప్పై రోజులూ నోరు కట్టుకుని పప్పూ సంగటీ తిన్నాడు.

అధిక శ్రావణ అమావాస్య దాటిన మర్నాడు ఆదివారం. మా నాయన పొట్టేళ్ళ బేరానికి గోరంట్ల వైపు పల్లెలకు వెళ్ళి, బస్సు తప్పిపోయి ముందు రోజు రాలేకపోయాడు. అంగడి తెరిచింది మా చిన్నాయన దస్తగిరి. ఆయనకు కత్తి తెలుసు కానీ మనుషులు తెలియదు. నారాయణప్ప సైకిల్ దిగి, "ఏమప్పా దస్తగిరీ, శ్రావణం అయిపాయనా?" అని అడిగాడు. అడిగాడంటే చూడండి, ఆయనకు తినాలని ఉంది, కానీ దొంగతనంగా తినాలని లేదు. ఊళ్ళో చాలామందికి శ్రావణం ఎప్పుడు పోయిందో చెప్పేది మా అంగడే. చిన్నాయన గోనెపట్టా ఇవతలికి తల తిప్పి, "పాపా, శ్రావణం ఎప్పటిదాకా?" అని కేకేశాడు. నేను పరుగెత్తుకొచ్చి, పంచాంగం దించి, పేజీ చివర శ్రావణ అమావాస్య నిన్నటి తేదీకి ఉండటం చూసి, బడిలో ఎక్కం ఒప్పజెప్పినట్టు "నిన్నటితో అయిపోయింది చిన్నాయనా!" అన్నాను. పేజీ పైన అధికం అని రాసి ఉంది. పేజీ తిప్పితే నిజ శ్రావణం మొదలవుతోంది. నేను పైకీ చూడలేదు, తిప్పీ చూడలేదు. నారాయణప్ప ముఖం ఇంత వెడల్పైంది. మోదుగాకు పొట్లం సంచిలో వేసుకుని, నా బుగ్గ పుణికి మరీ వెళ్ళాడు.

ఎండ బాగా ఎక్కాక మా నాయన వచ్చాడు. రాగానే ఆయన అడిగేది ఒకటే, ఎవరెవరు వచ్చినారని. చిన్నాయన ఒక్కొక్క పేరే చెబుతూ నారాయణప్ప దగ్గరికి రాగానే మా నాయన చేతిలో సంచి జారిపోయింది. "ఈపొద్దు నుంచే కదరా అసలు శ్రావణం! ఎవరు చెప్పినారు అయిపోయిందని?" అన్నాడు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను పంచాంగం వైపు చూశాను. అప్పుడు కనిపించింది పైన ఉన్న అధికం. మా నాయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. సైకిల్ బయటికి తీసి, "ఎక్కు" అన్నాడు అంతే.

పెనుకొండ నుంచి ఎర్రమంచికి ఎంత దూరమో ఇప్పుడు బస్సులో కూర్చుంటే తెలియదు. ఆ రోజు సైకిల్ వెనక కూర్చుని తెలుసుకున్నాను. ఎదురుగాలి. మా నాయన వీపు చెమటకు చొక్కా అంటుకుపోయింది. నాకు మాత్రం పద్మక్క కళ్ళ ముందు మెదులుతోంది. ఒకసారి తిరనాళ్ళలో నాకు రిబ్బన్లు కొనిపెట్టిన మనిషి. నా నోటి మాట వల్ల ఆమె కడుపులో బిడ్డకు ఏమన్నా అయితే? పదకొండేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద ఆలోచన ఏముంటుంది? కదిరి సామి ఎవరి దేవుడు, మేమెవరం అనే తేడా నాకు రాలేదు. మొక్కు మొక్కే.

నారాయణప్ప ఇంటి వెనక దొడ్లో మూడు రాళ్ళ పొయ్యి మీద చట్టి కుతకుతలాడుతోంది. నీసు వంటకు వాళ్ళకు పొయ్యీ చట్టీ వేరే, ఇంట్లోకి రావు. పక్కనే సంగటి కెలికి పెట్టి ఉంది. వాసన వీధి మొదటికే వచ్చింది. నారాయణప్ప కూనిరాగం తీస్తూ కట్టెలు ఎగదోస్తున్నాడు. మమ్మల్ని చూసి, "రాప్పా కాదరూ, సరిగ్గా అన్నం టయానికి వచ్చినావే!" అన్నాడు.

"దింపన్నా."

"ఏమి దింపేది?"

"చట్టి దింపన్నా. శ్రావణం పోలేదు. పోయింది అధికం. అసలుది ఈపొద్దే మొదలు."

నారాయణప్ప చేతిలో కట్టె అట్లాగే ఉండిపోయింది. మా నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పు" అన్నాడు. "నేనే తప్పు చూసినా పెదనాయనా. పైన అధికమని ఉండాది, నేను చూడలేదు" అని చెప్పి ఏడ్చేశాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. నెమ్మదిగా అక్కడే మట్టిలో చతికిలబడి, "ఒక తునక తిన్నా కాదరూ" అన్నాడు. "ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని ఒక్క తునక. ఆడ నా బిడ్డ..." అని ఆపేశాడు. ఆ మనిషి ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. కాసేపటికి కోపం వచ్చింది. "మీ అంగట్లో చెప్పినారని కదప్పా కొనింది! పంచాంగం చూస్తాది, పంచాంగం చూస్తాదని ఊరంతా చెప్పుకుంటివే! నా ఇంటిదానికి ఏమని చెప్పల్ల నేను?" అని అరిచాడు. మా నాయన తల వంచుకుని విన్నాడు. నా కోసం మా నాయన తల వంచుకోవడం నేను చూశాను.

తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు చేతులకు చుట్టుకుని, చట్టి దింపి, దొడ్డి చివర ఎరువు గుంట దాకా మోసుకెళ్ళి కుమ్మరించాడు. తన చేత్తో కోసిచ్చే సరుకును నేలపాలు చేయడం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంట్లో మేము ఎముక చుట్టూ కండ వదిలితే కోప్పడే మనిషి. మీద మన్ను కప్పి, చేతులు కడుక్కుని వచ్చి నారాయణప్ప ఎదురుగా అదే మట్టిలో కూర్చున్నాడు.

"అన్నా, ఆ తునక నీది కాదు, నాది. నా అంగట్లో నుంచి వచ్చింది, నా బిడ్డ మాట మీద వచ్చింది. మీ మొక్కులో తెగిన పోగు నేను అతుకుతా. పద్మ బిడ్డను ఎత్తుకోని ఈడికి వచ్చేదాకా నా ఇంట్లో పొయ్యి మీద సియ్యలు ఎక్కవు. నా నోట్లోకి పోవు."

నారాయణప్ప నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా? రోజూ సియ్యలు కొట్టేటోడివి."

"అంగడి అంగడే. నోరు నాది కదన్నా."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, మంచం మీద నుంచి లేచి కూర్చుంది. ఆమెకు పళ్ళు నాలుగే ఉండేవి, ఆ నాలుగూ బొక్కలు కొరకడానికే దేవుడు ఉంచాడని నమ్మకం. "ఎర్రమంచి ఆయమ్మ మొక్కుకుంటే నేను పప్పు తినేదేందిరా? కదిరి సామికీ నాకూ ఏం పొత్తు?" అని గొడవకు దిగింది. మా నాయన, "నీ మనవరాలు చేసిన తప్పమ్మా. నువ్వు గారాబం చేసినదే కదా" అన్నాడు. అవ్వ నా వైపు చూసింది. నేను గోడకు ముఖం పెట్టి ఉన్నాను. అంతే, మళ్ళీ సియ్యలు కావాలని అడగలేదు. సణగడం మాత్రం ఒక్క పూట మానలేదు.

అమ్మకు ఇంకో చిక్కు వచ్చింది. ఆమె చేతికి మసాలా తెలుసు, పప్పు తెలియదు. మొదటి వారం గోగాకు పప్పు చేస్తే గోడకు సున్నం కొట్టొచ్చు. పక్కింటి శెట్టిగారమ్మ గోడ మీదుగా చెప్పి నేర్పింది: ఉలవల చారు, వంకాయ నూనె కూర, శెనక్కాయలు నూరే ఊరుబిండి. ఆమెకు మొదట నవ్వొచ్చి, తర్వాత సంగతి తెలిసి, రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి గోడ మీద ఉంచేది. అవతల మా నాయన కత్తి చప్పుడు, ఇవతల మా అమ్మ పప్పుగుత్తి చప్పుడు. అంగడికి వచ్చేవాళ్ళు ఏడిపించేవాళ్ళు: "ఏమప్పా కాదరా, నువ్వు తిననిది మాకు అంటగడ్తాండావే, ఏం కలిపినావు దీంట్లో?" మా నాయన నవ్వి తూకంలో ఒక తునక ఎక్కువ వేసేవాడు.

మధ్యలో బక్రీదు వచ్చింది. అప్పుడు మాత్రం మా వాళ్ళలోనే గుసగుసలు మొదలయ్యాయి, పండగనాడు ఖుర్బానీ మాంసం ముట్టని ముసల్మానేమిటని. మా నాయన నేరుగా మసీదుకు వెళ్ళి ఇమాం హజ్రత్‌ను అడిగాడు. ఆయన నిదానంగా విని, "పొట్టేలును ఇవ్వడం నీ విధి. నీ ఇంటి భాగం కూడా బీదవాళ్ళకు పంచేస్తే తప్పేముంది కాదర్? మాట ఇచ్చినావు, నిలబెట్టుకో" అన్నాడు. ఆ పండగకు మా ఇంటి నుంచి వెళ్ళినన్ని పొట్లాలు ఇంకే పండగకూ వెళ్ళలేదు. అవ్వ ఉలవచారు అన్నం తింటూ, "బక్రీదుకు ఉలవలు తిన్న ముసలిది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. మొదట్లో ఏడుపుగొంతుతో చెప్పేది. సాయంత్రానికి ఆమె గొంతులో గర్వం వచ్చేసింది, నేను విన్నాను.

నేను మాత్రం ఆ రోజుల్లో సరిగ్గా తినలేదు, నవ్వలేదు. పోస్టు సైకిల్ బెల్లు వినిపిస్తే వెనక గదిలోకి పరుగెత్తేదాన్ని. నిజ శ్రావణం పోయింది, వినాయకచవితి పోయింది. మా నాయన పంచాంగం చదవమని రోజూ నన్నే అడుగుతూనే ఉన్నాడు. నేను చదవనని ఒకరోజు మొండికేస్తే, "తప్పు చూసినందుకు కండ్లు పీకేసుకుంటామా? చదువు" అన్నాడు. పేజీ పైన అధికమో నిజమో చూసుకుని మరీ చదివాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో తప్పు చదివిన పిల్లలు నాకు వేలమంది తగిలారు. ఒక్కరి చేతిలో నుంచి కూడా నేను పుస్తకం లాక్కోలేదు.

ఒక మధ్యాహ్నం నారాయణప్ప మా వీధి మొదట్లోనే సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు. "కాదరూ! ఆడబిడ్డ! ఇద్దరూ బాగుండారు!" అని అరిచాడు. మా నాయన కత్తి మొద్దు మీద పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు బయటికి వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఇద్దరు పెద్ద మగవాళ్ళు వీధిలో నిలబడి ఏడవడం చూసి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. నేను వెనక గదిలోకి పోయి, పరుపుల చుట్టలో తల దూర్చి, ఎక్కిళ్ళు వచ్చేదాకా ఏడ్చాను.

అక్కడికీ మొక్కు తీరలేదు, బిడ్డ ఈడికి రావాలి కదా. బిడ్డకు మూడో నెలలో వచ్చారు. ధర్మవరం రైలు దిగి ఎర్రమంచికి పోకుండా లక్ష్మమ్మ, పద్మక్క, పొత్తిళ్ళలో పాప నేరుగా మా ఇంటికి వచ్చారు. మా నాయన కంగారు పడిపోయి, "ముందు మీ ఇంటికి పోవల్లక్కా, అదీ పద్ధతి" అన్నాడు. లక్ష్మమ్మ గోనెపట్టా ఎత్తి లోపలికి వస్తూ, "మొక్కిన గడప మాది, మోసిన గడప మీది. యాడికి ముందు పోవల్లనో నాకు తెలుసు" అంది. నన్ను చూసింది. నేను తలుపు చాటున ఉన్నాను. "ఆ పంచాంగం పిల్ల ఇదేనా? రా ఇట్ల" అని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, ఆ పాపను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అన్ని రోజులు నేను చంపేశానేమోనని భయపడిన బిడ్డ నా ఒళ్ళో పడుకుని, నా జడ చివర పట్టుకుని గట్టిగా గుంజింది. ఎంత బలమో! నొప్పికి ఏడుస్తున్నానో, దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

లోపలి నుంచి మా అవ్వ గొంతు వినిపించింది. "ఒరే కాదరా, బిడ్డ వచ్చేసింది కదా, ఇంక పొయ్యి ముట్టించచ్చా?" ఇల్లంతా నవ్వింది. మా నాయన ఏదో సన్యాసం పుచ్చుకున్నాడని అనుకోకండి. ఆ పూట ఆయన మూడుసార్లు వేయించుకుని తిన్నాడు.

ఇదంతా విని రేష్మా, తను మానేసింది మొక్కు కోసం కాదు, జంతువుల మీద జాలి అంది. మంచిదే తల్లీ, అన్నాను. జాలి కూడా దేవుడిచ్చిందే. కానీ ఒక మాట అడిగాను: ఎవరికి చెప్పి మానేశావు? ఎవరికీ చెప్పలేదట, గది పిల్లలకు కూడా తెలియదట. అప్పట్లో ఒక మనిషి నాలిక కట్టుకుంటే వీధి వీధంతా దానికి కావలి ఉండేది, పక్కింటి గోడ దగ్గర నుంచి మాంసం కొట్టేవాడి దాకా. ఇప్పుడు ఫోన్లో వేలు ఆనిస్తే శనివారమైనా శ్రావణమైనా పొట్లం గుమ్మంలోకి వస్తుంది. తెచ్చేవాడికి మన పేరు తెలుస్తుంది కానీ మన మొక్కు తెలియదు. తినేవాళ్ళు ఒంటరిగా తింటున్నారు, మానేవాళ్ళు ఒంటరిగా మానుతున్నారు. రేష్మాకు ఆ రాత్రికి మా అమ్మ నేర్చుకున్న ఉలవచారే పెట్టాను. ఇక నుంచి ఆదివారాలు ధైర్యంగా రమ్మన్నాను.

పద్మక్క పాపకు లక్ష్మీదేవి అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి కూడా మనవళ్ళు. ధర్మవరంలోనే ఉంటుంది, కొడుకులు పట్టుచీరల వ్యాపారం చేస్తారు, ఇంట్లో మూడు గోడలకు మూడు క్యాలెండర్లున్నాయి, చేతిలో ఫోనుంది. అయినా ఏటా ఆషాఢం చివర్లో నాకు ఫోన్ చేస్తుంది. "అక్కా, శ్రావణం ఎప్పుడు పడ్తాది? మా కోడండ్లు ఫోన్లో చూసి ఏదో చెప్తాండారు. నువ్వు చెప్పుక్కా, నువ్వు చెప్తేనే మేము పట్టేది" అంటుంది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూసి చెబుతాను. సియ్యల అంగడి కాదరప్ప కూతురు చెప్పిందని ధర్మవరంలో ఒక ఇల్లు ఆ రోజు నుంచి నీసు దింపేస్తుంది.